స్పీడు చలానా వచ్చిందా? ముందు ఫొటో తెరవండి

ఆఫీసులోనో, ఇంట్లో భోజనం దగ్గరో ఉండగా ఫోనులో సందేశం వస్తుంది. మీ బండి నంబరు, ఓవర్ స్పీడ్ అన్న మాట, పక్కన 1,035 రూపాయలు. ఏ రోడ్డు మీద, ఏ రోజు జరిగిందో గుర్తుకు రాదు. ఆ క్షణంలో చాలామంది కంగారుగా లింకు నొక్కి డబ్బు కట్టేస్తారు. ఇంకొందరు పోలీసులను తిట్టుకుని, ఎప్పుడో తగ్గింపు ఇస్తారులే అని పక్కన పడేస్తారు. ఈ రెండూ చేయకండి. అసలు చలానాలో ఉన్న ఫొటో చూడకుండా ఏ నిర్ణయానికీ రాకండి.

నేను పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో బైకు నడుపుతున్నాను. ఇప్పటిదాకా మూడు స్పీడు చలానాలు వచ్చాయి. రెండు నా తప్పే, కట్టాను. మూడోది నాది కాదు. వేరే బండి నంబరులోని ఒక అంకెను తప్పుగా చదవడం వల్ల నా పేరు మీద పడింది. దాన్ని తీయించుకోవడానికి తిరిగిన నెల రోజుల్లో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని: సందేశం నిజమైనదేనా?

చలానా పేరుతో జరుగుతున్న మోసాలు మామూలుగా లేవు. వాట్సాప్‌లో పోలీసు ముద్రతో సందేశం వస్తుంది, కింద ఒక ఫైలు ఉంటుంది. తెరిస్తే అది ఒక యాప్‌గా ఫోనులోకి చేరి మీకు వచ్చే సందేశాలను, ఓటీపీలను అవతలివాళ్లకు చేరవేస్తుంది. ఖాతా ఖాళీ అయ్యేదాకా మీకు తెలియదు. అందుకే సందేశంలోని లింకును, ఫైలును ముట్టుకోకండి. మీరే బ్రౌజర్ తెరిచి తెలంగాణ పోలీసు శాఖ ఈ-చలాన్ వెబ్‌సైటుకు వెళ్లండి. చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఎంత అందంగా ఉన్నా మూసేయండి. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైటులోనూ చలానాల విభాగం ఉంది. బండి నంబరుతో పాటు ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరులోని చివరి అంకెలు అడగవచ్చు కాబట్టి ఆర్సీ పక్కన పెట్టుకుని కూర్చోండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. అది సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్. బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పండి. ఎంత తొందరగా చెబితే పోయిన డబ్బు మధ్యలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ.

రెండో పని: ఫొటోను తీరికగా చదవండి

చలానా తెరవగానే మన కన్ను కట్టాల్సిన మొత్తం మీదికే పోతుంది. దాన్ని వదిలి ఫొటో దగ్గరికి రండి. పెద్దది చేసి చూడండి. ఫోను తెర చిన్నదైతే కంప్యూటర్‌లో చూడండి. నేను మొదటి రోజే అలా చూసి ఉంటే వారం రోజుల ఆందోళన తప్పేది.

ముందు బండి మీదేనా? కంపెనీ, రంగు, వెనుక లైటు ఆకారం, సీటు, మీరు పెట్టించుకున్న సామాన్ల పెట్టె. నా మూడో చలానా ఫొటోలో ఉన్నది స్కూటరు. నాది బైకు. అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు కదా అనిపిస్తుంది, కానీ నేను ఆ ఫొటోనే తెరవలేదు. నంబరు ప్లేటులో మూడు, ఎనిమిది, ఆరు, సున్నా, ఆంగ్ల అక్షరాల్లో బి, డి వంటివి ఒకదానికొకటి పోలి ఉంటాయి. దుమ్ము పట్టిన ప్లేటు, వంగిన ప్లేటు, అలంకారంగా రాయించుకున్న అంకెలు ఈ తికమకను పెంచుతాయి.

తరువాత, కొలిచింది ఏ బండిని? పోలీసులు వేగం కొలిచే లేజర్ గన్ కాంతి తరంగాలను పంపి, అవి తిరిగి వచ్చే సమయంలోని తేడాతో వేగం కడుతుంది. చాలా యంత్రాల్లో ఎక్కడ గురిపెట్టారో చూపే గుర్తు ఫొటో మీద పడుతుంది. ఆ గుర్తు మీ బండి మీద ఉందా, పక్కనే దాటిపోతున్న కారు మీద ఉందా? బైకు సన్నని వాహనం. రద్దీలో పక్కపక్కన మూడు బండ్లు ఉంటే ఈ ప్రశ్న అడగడం మీ హక్కు. ఫ్రేములో మీ బండి ఒక్కటే ఉండి, గుర్తు దాని మీదే ఉంటే మాత్రం ఈ వాదన వదిలేయండి.

గన్‌ను పక్క నుంచి గురిపెట్టారు కాబట్టి వేగం ఎక్కువ చూపించిందని కొందరు స్నేహితులు మీకు ధైర్యం చెబుతారు. నిజం దానికి తలకిందులు. మీరు వెళ్లే దారికి పక్కగా నిలబడి కొలిస్తే యంత్రం అసలు వేగం కంటే కాస్త తక్కువే చూపిస్తుంది. ఆ కోణం మీకే లాభం. అధికారి ముందు ఈ మాట ఎత్తితే మీ మిగతా మాటల విలువ కూడా తగ్గుతుంది.

ఫొటోతో పాటు ఉండే వివరాలు కూడా రాసుకోండి: తేదీ, సమయం, స్థలం, అక్కడి వేగ పరిమితి, నమోదైన వేగం, ఏ సెక్షన్ కింద రాశారు, ఏ పోలీసు స్టేషన్ పరిధి. ఆ సమయానికి మీరు ఎక్కడ ఉన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆఫీసు హాజరు, పెట్రోలు బంకు రసీదు, ఫోనులోని మ్యాపు చరిత్ర, ఆసుపత్రి చీటీ, ఏదైనా పనికొస్తుంది. ఫొటో ఉన్న పేజీని భద్రపరచుకోండి.

అక్కడి పరిమితి ఎంత?

ఇక్కడే చాలామంది బైకర్లు దెబ్బతింటున్నారు. కారుకు, బైకుకు పరిమితి ఒకటే అనుకుంటారు. 2022లో గ్రేటర్ హైదరాబాద్ రోడ్లకు ఖరారు చేసిన పరిమితుల ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న రోడ్ల మీద కారుకు గంటకు 60 కిలోమీటర్లు, ద్విచక్ర వాహనాలకు 50. డివైడర్ లేని రోడ్ల మీద కారుకు 50, మనకు 40. కాలనీ రోడ్ల మీద అందరికీ 30. అంటే తార్నాక నుంచి ఉప్పల్ వైపు పోతూ పక్కన కారు 58లో పోతుంటే అది నియమం లోపలే ఉంటుంది. దాని పక్కనే అదే వేగంతో పోయే మీరు దాటినట్టే. ఇది అన్యాయం అనిపించవచ్చు, నాకూ మొదట్లో అనిపించింది. అయినా చలానా మీద వాదించేటప్పుడు ఆ పరిమితి ఉందన్నది మారదు.

కొన్ని ఫ్లైఓవర్ల మీద పరిమితి ఇంకా తక్కువ. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ 2019 నవంబరులో మొదలైంది. అదే నెలలో అతివేగంతో వచ్చిన ఒక కారు పైనుంచి కింద పడి, కింద రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మహిళ చనిపోయింది. దాన్ని మూసి, 2020 జనవరిలో మళ్లీ తెరిచినప్పుడు 40 కిలోమీటర్ల పరిమితి బోర్డులు పెట్టారు. ఆమె బండి నడపలేదు, రోడ్డు కూడా దాటలేదు. ఆ మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా నా చేయి తనంతట తానే యాక్సిలరేటర్ వదిలేస్తుంది.

ఇంకో సంగతి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి, ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన రహదారి మీదికి బైకులను రానివ్వరు. ఔటర్ పక్కన సర్వీసు రోడ్డు మీద పోవచ్చు. మీ చలానా ఈ చోట్ల పడి ఉంటే వేగం ఒక్కటే కాదు, నిషేధం కూడా మీ మీద ఉంటుంది.

తప్పు మీదే అయితే

కట్టండి, తొందరగా కట్టండి. ఈ-చలాన్ వెబ్‌సైటులోనే కార్డుతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో కట్టవచ్చు. ఆన్‌లైన్ అలవాటు లేనివాళ్లు మీ సేవ కేంద్రంలో బండి నంబరు చెప్పి కట్టవచ్చు. రసీదు తీసుకోండి. రెండు మూడు రోజుల తరువాత వెబ్‌సైటులో మళ్లీ చూసి, చలానా పెండింగ్ జాబితా నుంచి పోయిందని నిర్ధారించుకోండి. ఖాతాలో డబ్బు కోత పడి చలానా అలాగే ఉంటే వెంటనే రెండోసారి కట్టకండి. బ్యాంకు లావాదేవీ నంబరుతో ముందు విచారించండి.

రోడ్డు మీద ఆపి చలానా రాసినప్పుడు చేతికి నగదు ఇవ్వకండి. ఎవరు అడిగినా సరే, చలానా నంబరు రాయమనండి, తరువాత అధికారిక మార్గంలో కట్టండి. మీకు వచ్చే రసీదే మీ రక్షణ. మర్యాదగా, గొంతు పెంచకుండా అడగండి. ఎండలో రోజంతా నిలబడే మనిషితో వాదన పెట్టుకుంటే మీ పని జరగదు.

మొత్తం గురించి ఒక మాట. తెలంగాణలో స్పీడు చలానా చాలాకాలంగా వెయ్యి రూపాయలు, దాని మీద యూజర్ చార్జీ 35. 2019లో కేంద్రం మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచింది కానీ, తెలంగాణ అప్పట్లో ఆ పెంపును అమలు చేయలేదు. అందుకే వేరే రాష్ట్రాల లెక్కలు చూసి భయపడకండి, మీ చలానా మీద ఉన్నదే చూడండి. ఒకే ఫొటోలో హెల్మెట్ లేకపోవడమో, వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ లేకపోవడమో కనిపిస్తే అవి కూడా అదే చలానాలో చేరుతాయి.

మా చిన్నాన్న కొడుకు ఆహారం డెలివరీ చేస్తాడు. వాడికి నాలుగు చలానాలు పెండింగ్‌లో ఉన్నాయని తెలిసి అడిగాను. "అన్నయ్యా, అందరూ తగ్గింపు వచ్చాకే కడుతున్నారు, నేనెందుకు ముందే కట్టాలి?" అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26న మొదలుపెట్టి 80 శాతం తగ్గించారు, గడువు పొడిగించుకుంటూ 2024 ఫిబ్రవరి దాకా నడిపారు. కానీ ఆ రెండింటి మధ్య ఎంత కాలం గడిచిందో చూడండి. తరువాతిది ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేదు. ఈలోగా నాలుగు కాస్తా తొమ్మిదవుతాయి, తనిఖీలో బండి ఆపితే ఆ రోజు సంపాదన పోతుంది. అతివేగం కేసుల్లో లైసెన్సు సస్పెండ్ చేసే అధికారం కూడా చట్టంలో ఉంది. బండి మీదే బతికేవాడికి లైసెన్సు పోవడం అంటే ఇల్లు ఆగిపోవడమే. వాడిని కూర్చోబెట్టి నెలకు ఒకటి చొప్పున కట్టించాను. మీకు కూడా ఒకేసారి కట్టే స్తోమత లేకపోతే పాతవాటి నుంచి ఒక్కొక్కటీ తీర్చుకుంటూ రండి.

తప్పు మీది కాకపోతే

డబ్బు కట్టకండి. కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. తరువాత వెనక్కి తెచ్చుకోవడం చలానా రద్దు చేయించడం కంటే కష్టం.

ముందు చలానా ఏ కమిషనరేట్‌ది అన్నది చూడండి. హైదరాబాద్, సైబరాబాద్ వేర్వేరు. గచ్చిబౌలిలో పడిన చలానా కోసం నగరం నడిబొడ్డున ఉన్న కార్యాలయానికి వెళితే అక్కడివాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. మొదట నేను చేసిన పొరపాటు అదే, ఒక పూట సెలవు వృథా అయింది. పరిధి తెలిశాక వెబ్‌సైటులో ఇచ్చిన ఫిర్యాదు మార్గంలో రాతపూర్వకంగా పంపండి, అవసరమైతే ఆ పరిధిలోని ట్రాఫిక్ కార్యాలయానికి స్వయంగా వెళ్లండి.

ఫిర్యాదు ఒక పేజీ దాటకూడదు. చలానా నంబరు, మీ బండి నంబరు, తేదీ, స్థలం పైన రాయండి. కింద తేడా ఏమిటో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. నేను రాసింది దాదాపు ఇలా ఉంది: "చలానాలోని ఫొటోలో ఉన్నది తెల్ల స్కూటరు. నా పేరున ఉన్నది నల్ల బైకు. ఫొటోలోని నంబరు ప్లేటును పెద్దది చేసి చూస్తే ఆరో అంకె ఎనిమిది, నా బండిది మూడు. ఆర్సీ నకలు, నా బండి ముందు వెనుక ఫొటోలు జతచేశాను. చలానా రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను." కోపం, పోలీసు వ్యవస్థ మీద అభిప్రాయాలు, రోడ్ల గుంతల గురించి ఏమీ రాయలేదు. చదివే అధికారికి ఫొటో పక్కన ఫొటో పెట్టి చూస్తే తేలిపోయేలా ఉండాలి. ఆర్సీలో వాహనం రకం, రంగు ఉంటాయి, అందుకే దాని నకలు అన్నిటికంటే ముఖ్యం. స్వయంగా ఇస్తే మీ నకలు మీద ముద్ర వేయించుకోండి. పంపిన తేదీ రాసి పెట్టుకోండి, పది రోజులకోసారి అడుగుతూ ఉండండి. నాది తీసేయడానికి నెల పట్టింది.

మీ నంబరును వేరే బండికి తగిలించుకుని ఎవరో తిరుగుతున్నారని అనుమానం వస్తే, అంటే అంకె తప్పుగా చదవడం కాదు, ఫొటోలో అచ్చంగా మీ నంబరే వేరే బండి మీద కనిపిస్తే, చలానా రద్దుతో ఆగకండి. దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఆ బండితో రేపు ప్రమాదమో, గొలుసు దొంగతనమో జరిగితే పోలీసులు ముందుగా వచ్చేది మీ ఇంటికే.

బండి మీదే, వేగం కొలిచిన తీరు మీద అభ్యంతరం ఉంటే చూడాల్సినవి వేరు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఏ నిబంధన మీకు ఆధారం. కెమెరాలు, స్పీడ్ గన్‌ల వంటి పరికరాలకు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. అలాంటి పరికరాలు ఉన్న రోడ్డు మీద ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసులో నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఏ నిబంధన ఉల్లంఘించారో ఉండాలి. కేసు తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలి. వీటిలో ఏది లోపించిందో మీ ఫిర్యాదులో ఆ ఒక్కదాన్నే పట్టుకుని అడగండి.

అమ్మేసిన బండి

ఇది చాలా ఇళ్లలో కనిపించే గోడు. బండి అమ్మారు, డబ్బు తీసుకున్నారు, కొన్నవాళ్లు పేరు మార్పించుకోలేదు. రికార్డుల్లో బండి ఇంకా మీదే కాబట్టి చలానాలు మీకే వస్తాయి. మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలి. అందుకు 29వ నంబరు ఫారం. బండి ఇచ్చిన రోజే కొన్నవారి ఆధార్ నకలు, తేదీ, సమయం రాసిన అమ్మకపు కాగితం తీసుకోండి. ఇప్పటికే ఆలస్యమై ఉంటే ఆ కాగితంతో మీ పరిధి ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లండి, కొన్నవారి దగ్గరికి కూడా వెళ్లి పేరు మార్పు పూర్తి చేయించండి. ఒక్కొక్క చలానా మీద పోట్లాడటం కంటే ఇది ముందు చేయాల్సిన పని.

ఇంట్లో బండిని తమ్ముడో, కొడుకో నడిపి ఉంటే ఫొటో వాళ్లకు చూపించండి. పద్దెనిమిది నిండని పిల్లలకు బండి ఇచ్చి ఉంటే ఇక 1,035 రూపాయల సంగతి మరిచిపోండి. చట్టం సంరక్షకులనే బాధ్యులను చేస్తుంది, 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడే వీలుంది.

కోర్టు నుంచి పిలుపు వస్తే

భయపడకండి, కానీ తేదీ తప్పకండి. చలానా కాగితం, ఫిర్యాదు నకలు, ఆర్సీ, లైసెన్సు వెంట తీసుకెళ్లండి. తప్పు ఒప్పుకుంటే జరిమానా కట్టి అదే రోజు బయటపడవచ్చు. ఒప్పుకోకపోతే ఆ మాట స్పష్టంగా చెప్పి విచారణ కోరండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీ వర్గాలవారికి, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందే హక్కు ఉంది. లోక్ అదాలత్‌లో రాజీకి వీలయ్యే కేసులు ఒక్క పూటలో ముగుస్తాయి. తేదీలు వార్తాపత్రికల్లో ముందుగానే వస్తాయి.

ఈ వారంలోనే చేసుకోవాల్సినవి

ఆర్సీలో ఉన్న ఫోను నంబరు ఇప్పుడు మీరు వాడుతున్నదేనా? కాకపోతే చలానాలు పాత నంబరుకు పోతూ ఉంటాయి, మీకు తనిఖీలో ఆపినప్పుడే తెలుస్తుంది. రవాణా శాఖ ద్వారా మార్పించుకోండి. నెలకోసారి బండి నంబరు కొట్టి పెండింగ్ ఉన్నాయేమో చూసుకోండి, ఐదు నిమిషాల పని. నంబరు ప్లేటు శుభ్రంగా, అంకెలు స్పష్టంగా ఉంచండి. మీ ప్లేటు సరిగా కనిపిస్తేనే వేరేవాళ్ల తప్పు మీ మీద పడినప్పుడు తేడా చూపించగలరు.

స్పీడోమీటర్ సంగతి కూడా చూసుకోండి. కంపెనీ అమర్చిన మీటర్ అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపించేలా తయారవుతుంది. అయితే అందం కోసమో, పట్టు కోసమో పెద్ద టైరు వేయించినా, స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) మార్పించినా ఆ లెక్క తప్పవచ్చు. అప్పుడు మీటర్ 50 చూపిస్తుంటే మీరు నిజానికి అంతకంటే ఎక్కువలో పోతుండవచ్చు. ఖాళీ రోడ్డు మీద వెనుక కూర్చున్న మనిషి ఫోనులోని జీపీఎస్ వేగాన్ని చదువుతుంటే మీరు మీటర్ చూసి సరిపోల్చుకోండి. బండి నడుపుతూ మీరే ఫోను చూడకండి.

వేగం గురించి ఒక లెక్క మాత్రం చెప్పాలి, మా తమ్ముడికి కూడా ఇదే చెప్పాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతాం, 70లో అయితే 19 మీటర్లు దాటిపోతాం. ఎదురుగా ఎవరైనా అడ్డం వచ్చారని కన్ను చూసి చేయి బ్రేకు పట్టేలోపే ఆ దూరం అయిపోతుంది. ఢీకొట్టే శక్తి 50 కంటే 70లో దాదాపు రెట్టింపు. ఈ లెక్క విన్నాక వాడు తార్నాక దారిలో రోజూ ఎన్ని నిమిషాలు ఆదా అవుతున్నాయో వారం రోజులు రాసుకున్నాడు. సిగ్నళ్ల దగ్గర ఆగడంతో కలిపి చూస్తే మూడు నిమిషాలు కూడా తేలలేదు.